పలక పట్టక ముందు

2001 మే నెల. మా అమ్మాయికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. హైదరాబాద్‌లో కాస్త పేరున్న ఒక స్కూల్లో ఎల్‌కేజీ సీటు కోసం ముగ్గురం వెళ్లాం. ఇంటర్వ్యూ పిల్లకే కాదు, తల్లిదండ్రులకీ ఉంటుందని ముందే చెప్పారు. నేను గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, డిగ్రీలన్నీ ఫైల్లో సర్దుకుని, పరీక్షకి పోతున్న పిల్లలాగే వెళ్లాను.

లోపల టీచర్ ఒక అట్టముక్క ఎత్తి చూపించి ఇదేం రంగని ఇంగ్లీషులో అడిగింది. "వంకాయ రంగు" అంది మా పిల్ల. నాలుగు చెక్కబంతులు బల్ల మీద పెట్టి ఎన్ని ఉన్నాయని అడిగింది. మా పిల్ల వాటివంక చూసి, టీచర్ వంక చూసి, "ఎవరెవరికి?" అని ఎదురు ప్రశ్న వేసింది. టీచర్ నవ్వలేదు. కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకుంది.

"పాప బ్రైటేనండీ. కానీ ఇంకా రెడీగా లేదు. ఏడాదిపాటు మంచి ప్లే స్కూల్లో వేసి తీసుకురండి" అన్నారు.

ఆటోలో ఇంటికి వస్తూ దారంతా నేను పిల్లతో మాట్లాడలేదు. నాలుగేళ్ల పిల్ల మీద అలిగాను! ఆ సంగతి ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"ఎవరెవరికి?" అనడం అది ఎక్కడ నేర్చుకుందో నాకు బాగా తెలుసు. అంతకు ముందు ఏడాదిన్నర అది మా పిన్ని దగ్గర, ఒంగోలుకి దగ్గర్లో ఒక పల్లెలో పెరిగింది. నేనప్పుడు పిహెచ్‌డీ పూర్తిచేసే హడావుడిలో ఉన్నాను. పిన్ని అంగన్‌వాడీ టీచరు. పెళ్లయిన మూడేళ్లకి మా బాబాయి ఆమెని వదిలేసి వెళ్లిపోతే, పదో తరగతి పాసైన చదువు పుణ్యాన 1986లో ఆ ఉద్యోగం దొరికింది. ఉద్యోగం అంటే పిన్ని ఒప్పుకోదనుకోండి. "ఉద్యోగమైతే జీతం ఉంటుంది, నాది గౌరవ వేతనం" అనేది. చేరినప్పుడు నెలకి మూడు వందలు కూడా లేదు ఆ గౌరవం.

ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది పొగాకు గ్రేడింగ్‌కి పోయేవాళ్లు. తెల్లారకముందే వంట చేసి, ట్రాక్టరెక్కితే మళ్లీ చీకటిపడ్డాకే రావడం. పిన్ని ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకుని తెచ్చేది. అద్దెకి తీసుకున్న ఒక పెంకుటింటి వసారా, దాని ముందు వేపచెట్టు, అదే కేంద్రం. ఉప్మా పంచేముందు సత్తు పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, "ఎన్ని కావాలి? ఎవరెవరికి?" అని అడిగేది. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూపిస్తూ, రానివాళ్ల పేరు చెప్పి నాలిక కరుచుకుంటూ, లెక్క తేల్చేవాళ్లు. అంకెలు ఎవరూ నేర్పలేదు. లెక్కంటే మనుషుల గురించి అని మా పిల్లకి అక్కడ తెలిసింది. బంతులు ఊరికే బల్ల మీద ఎందుకున్నాయో దానికి అర్థం కాలేదు, అంతే.

ఒకసారి నేను వెళ్లినప్పుడు విన్న మాటలు ఇవి. ఒక బుడ్డోడు చీమల బారు చూస్తూ కూర్చున్నాడు. పిన్ని వాడి పక్కనే నేలమీద చతికిలబడి, "ఎక్కడికి పోతున్నాయంటావురా?" అంది. "వాళ్లమ్మ దగ్గరికి." "వాళ్లమ్మ ఎక్కడుందో?" వాడు బాగా ఆలోచించి, "గ్రేడింగ్‌కి పోయింది" అన్నాడు. "మరి వీటికి అన్నం ఎవరు పెడతారు?" అలా అయిదారు నిమిషాలు సాగింది ఆ సంభాషణ. అది చదువు చెప్పడమని నాకప్పుడు తోచలేదు. పిన్నికి పనేమీ లేదు కాబోలు అనుకున్నాను. విశ్వవిద్యాలయంలో స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్నదాన్ని మరి!

పదేళ్ల తర్వాత కాలేజీలో విద్య గురించి పాఠం చెప్పాల్సి వచ్చి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ అయిదారు నిమిషాల గురించి ప్రపంచంలో ఎంత పరిశోధన జరిగిందో. 1997లో ఇంగ్లాండులో మూడు వేలమంది పిల్లల్ని మూడో ఏట నుంచి వెంబడించి చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. మంచి ఫలితాలు వచ్చిన బడుల్లో ఏముంది అని వెతికితే, వాళ్లకి దొరికిన ముఖ్యమైన విషయాల్లో ఒకటి ఇదే: పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఒకే విషయం గురించి ఆలోచిస్తూ, మాట పొడిగించుకుంటూ పోవడం. దానికి వాళ్లొక పెద్ద పేరు పెట్టారు. పిన్ని భాషలో అది "కబుర్లు చెప్పుకోవడం".

బడికి సిద్ధం కావడమంటే అఆలు రావడమని మనందరం అనుకుంటాం. నాలుగు గీతల పుస్తకంలో అక్షరం దిద్దాలంటే ముందు వేళ్లలో బలం రావాలి. చిక్కుడుకాయలు ఒలవడం, గింజలు ఏరడం, మట్టి పిసకడం ఆ బలాన్ని ఇస్తాయి. ఒక మాట విని, దాన్ని మనసులో పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా ఆగగలగాలి. ఉప్మా పళ్లెం కోసం వరుసలో కూర్చోవడం అది నేర్పుతుంది. కథలో ముందు ఏం జరిగింది, తర్వాత ఏమవుతుందని ఊహించగలగాలి. భయం వేస్తే భయం వేసిందని అమ్మ కాని మనిషికి చెప్పుకోగలగాలి. ఇవన్నీ ఉన్న పిల్లకి అక్షరం ఆరు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు. ఇవేవీ లేకుండా మూడో ఏటే ఎ నుంచి జెడ్ దాకా రాసేసిన పిల్లలు రెండో తరగతికి వచ్చేసరికి బిక్కమొహాలు వేయడం నేను చూశాను. స్కూలు చెప్పిన మాట మీద మేము వేసిన ప్లే స్కూల్లో అదే జరిగింది. గోడల నిండా మిక్కీ మౌస్ బొమ్మలు, గదిలో నలభైమంది పిల్లలు, ఇంటర్ పాసై డిగ్రీకి ప్రైవేటుగా కట్టిన ఒక అమ్మాయి టీచరు. మా పిల్ల ఏడాది తిరిగేసరికి "బ్రింజాల్ కలర్" కూడా కాదు, "పర్పుల్" అంది. ప్రశ్నలడగడం మానేసింది. ఆ స్కూల్లో సీటొచ్చింది.

మా అనుభవం ఒక్కటే చూసి ఈ మాటలనడం లేదు. రాజస్థాన్, అస్సాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో పద్నాలుగు వేలమంది పిల్లల్ని 2011 నుంచి 2016 దాకా, నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట దాకా, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం వాళ్లూ అసర్ సెంటర్ వాళ్లూ కలిసి వెంబడించారు. అయిదేళ్లు నిండి బడిలో అడుగుపెట్టే పిల్లల్లో ఎక్కువమందికి అందుకు కావలసిన సంసిద్ధత లేదని తేలింది. అంగన్‌వాడీల్లో చదువు భాగం దాదాపు మాయమైపోయింది. ప్రైవేటు కాన్వెంట్లలో ఒకటో తరగతి చదువునే కిందికి దించి బట్టీ పట్టిస్తున్నారు. ఆటలతో, మాటలతో నడిచిన కొద్ది చోట్ల మాత్రం తేడా కనిపించింది. అంటే మనం ఫీజు కట్టి కొనుక్కున్నదీ, పేదవాళ్లకి ఉచితంగా దొరికిందీ రెండూ పిల్లలకి పనికొచ్చేవి కావు. ఈ విషయంలో కులం, వర్గం తేడా లేకుండా సమానత్వం సాధించామన్నమాట.

ఏదో ఒక బడి ఉంటే చాలు కదా, అసలు లేనిదానికంటే నయం అనేవాళ్లున్నారు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం నడిపిన ప్రీస్కూళ్ల మీద 2022లో వచ్చిన అధ్యయనం ఈ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. లాటరీలో సీటు వచ్చి ఆ బడులకి వెళ్లిన పేద పిల్లలు, ఆరో తరగతికి వచ్చేసరికి, సీటు రానివాళ్లకంటే చదువులో వెనకబడ్డారు, క్రమశిక్షణ పేరుతో ఎక్కువ శిక్షలు కూడా పడ్డాయి. నాసిరకం బడి ఏమీ చేయకుండా ఊరుకోదు, ఉన్నదాన్ని చెడగొట్టగలదు కూడా. ఇది చదివిన రాత్రి నాకు ఆ మిక్కీ మౌస్ గోడలు గుర్తొచ్చాయి.

ఇక అందరూ చెప్పే ఉదాహరణ ఉంది. మిషిగన్‌లోని ఇప్సిలాంటీలో 1962 నుంచి 67 దాకా నడిచిన పెర్రీ ప్రీస్కూల్. 123 మంది పిల్లలు, అందరూ నల్లజాతి పేద కుటుంబాల వాళ్లు. 58 మందికి బడి, మిగిలినవాళ్లకి లేదు. టీచర్లు పెద్ద బడి టీచర్లతో సమానమైన అర్హతలున్నవాళ్లు, అయిదారుగురు పిల్లలకి ఒకరు. వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లితో గంటన్నర గడిపేవాళ్లు. బడికి వెళ్లిన పిల్లల తెలివితేటల మార్కులు మొదట పెరిగి, కొన్నేళ్లకే మిగతావాళ్లతో సమానమైపోయాయి. అక్కడితో ఆపేసి ఉంటే అంతా వృథా అనేవాళ్లు. నలభై ఏళ్ల వయసులో మళ్లీ చూస్తే, చదువు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, జైలుకి వెళ్లినవాళ్లు తక్కువ. ముఖ్యంగా ఆడపిల్లల్లో హైస్కూలు పూర్తిచేసినవాళ్ల సంఖ్యలో తేడా చాలా ఎక్కువ.

ఈ ప్రయోగం గురించి ఒక సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పిల్లల్ని రెండు గుంపులుగా విడదీశాక, బయట పనిచేసే తల్లుల పిల్లలు కొందరిని బడి ఉన్న గుంపులోంచి లేని గుంపుకి మార్చారు. మధ్యాహ్నం పూట ఇంటికి వెళితే తల్లి దొరకదు కదా, అందుకని! ప్రపంచానికి ప్రీస్కూలు విలువ నేర్పిన ప్రయోగంలోనే పనికిపోయే తల్లి అడ్డంకి అయి కూర్చుంది. మా పిన్ని ఊళ్లో అయితే గుంపులో ఒక్క పిల్లా మిగిలేది కాదు.

పెర్రీ లెక్కల్ని తీసుకుని, నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ అందులో పెట్టిన పెట్టుబడికి ఏడాదికి ఏడు నుంచి పది శాతం రాబడి ఉంటుందని తేల్చాడు. అప్పటినుంచీ ప్రభుత్వాల దగ్గర ఈ వాదనే పనిచేస్తోంది. నేను కూడా సెమినార్లలో వాడాను, కాదనను. కానీ మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. నాలుగేళ్ల పిల్లకి ఈ పూట ఒక మంచి పూట దక్కడానికి, ఆ పిల్ల నలభై ఏళ్లకి పన్ను కట్టే పౌరురాలు అవుతుందని మనం రుజువు చూపించాలా? చీమల బారు దగ్గర కూర్చున్న పిల్లాడికి ఆ అయిదు నిమిషాలు వాడి సొంతం. వాడు పెద్దయ్యాక ఏమయ్యాడో నాకు తెలియదు. ఏమీ కాకపోయినా ఆ అయిదు నిమిషాలు దండగ కాదు.

చట్టం ఈ పిల్లల్ని ఎలా చూసిందో కూడా చెప్పాలి. రాజ్యాంగం 45వ అధికరణం మొదట పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ అంది. ఆరేళ్ల లోపు వాళ్లు బయట అనలేదు. మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కంది. తీరా 2002లో 86వ సవరణ వచ్చేసరికి హక్కు ఆరు నుంచి పద్నాలుగు ఏళ్లవాళ్లకి మిగిలింది. ఆరు లోపువాళ్లకి "ప్రభుత్వం ప్రయత్నిస్తుంది" అన్న మాట మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టం అడ్మిషన్లలో పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పరీక్షించడాన్ని నిషేధించింది, సంతోషమే. 2020 విద్యావిధానం మూడేళ్ల నుంచే చదువు మొదలవుతుందని ఒప్పుకుంది, అదీ సంతోషమే. విధానం హక్కు కాదు.

ఇంతకీ నన్ను పట్టి పీడిస్తున్న ప్రశ్న ఇది. ఏ అధ్యయనం చూసినా నాణ్యత అనేది చివరికి ఒక మనిషి దగ్గర తేలుతోంది. గోడల దగ్గరో, బొమ్మల దగ్గరో, పుస్తకం దగ్గరో కాదు. పిల్ల పక్కన నేలమీద కూర్చుని, తొందర లేకుండా, ఆ పిల్ల చెప్పేది వినే ఒక మనిషి. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ స్త్రీ. ఆ స్త్రీ ఓపికే మనం కొలుస్తున్న నాణ్యత. దాని ఖరీదు ఎంత? ఎవరు ఇస్తున్నారు?

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అంగన్‌వాడీ కార్యకర్తని ఉద్యోగి అనలేదు, స్వచ్ఛందంగా సేవచేసే స్థానిక స్త్రీ అన్నారు. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర నిలబడి వడ్డించే దూరపు బంధువుని "మన ఇంటి మనిషే" అంటాం చూడండి, అలాంటి గౌరవం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది 2018లో మూడు వేల నుంచి నాలుగు వేల అయిదు వందలయింది. మిగిలింది రాష్ట్రాల దయ. ఇందుకు ఆమె చేయాల్సిన పని ఆరు రకాలు: పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకి పాఠాలు, చివరగా పిల్లల చదువు. దానిమీద సర్వేలు, ఎన్నికల డ్యూటీలు, రిజిస్టర్లు, ఇప్పుడు ఫోన్లో పోషణ్ ట్రాకర్. సూపర్‌వైజర్ వచ్చి బియ్యం లెక్క చూస్తుంది, గుడ్ల లెక్క చూస్తుంది. పిల్లలతో ఎన్ని మాటలు మాట్లాడావని ఏ రిజిస్టరూ అడగదు. పిన్ని కేంద్రం గురించి ముచ్చటగా చెప్పాను కానీ, వారంలో రెండు మూడు రోజులు ఆమె కేంద్రంలో ఉండేదే కాదు. మీటింగో, పోలియో చుక్కలో. ఆ రోజుల్లో ఆయా పిల్లల్ని గోడవారగా కూర్చోబెట్టి నోటిమీద వేలేసుకోమనేది. తప్పు ఆయాదని నేననను. ఆమె పొయ్యి దగ్గర ఉండాలి, పిల్లలు మంట దగ్గరికి రాకూడదు.

తమిళనాడులో ఒక చిన్న మార్పు చేసి చూశారు. నాలుగు జిల్లాల్లో 640 అంగన్‌వాడీలని తీసుకుని, వాటిలో సగం కేంద్రాలకి చదువు కోసమే అరపూట పనిచేసే ఇంకొక కార్యకర్తని ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ ఫలితాలని లెక్కగట్టారు. చదువుకి దొరికే సమయం రెట్టింపైంది, పిల్లలకి లెక్కలూ భాషా మెరుగయ్యాయి, పాత కార్యకర్తకి చేతులు కాస్త ఖాళీ అయి పిల్లల పోషణ కూడా మెరుగైంది. అద్భుతమైన పాఠ్యప్రణాళిక ఏమీ కాదు, ఇంకొక ఆడమనిషి. నాకు సంతోషం వేసింది. వెంటనే చివుక్కుమంది కూడా. ఎందుకంటే ఆ కొత్తామెకి ఇచ్చింది పాతామెకి వచ్చేదాంట్లో సగమే. ఇంత చవగ్గా ఇంత లాభం అని లోకం మెచ్చుకుంటోంది. ఆ చవక ఎక్కడినుంచి వచ్చిందో మన పత్రిక చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు.

"జీతం ఎక్కువిస్తే ప్రేమ పోతుంది, ఉద్యోగం మిగులుతుంది" అని ఒక పెద్దమనిషి ఒక సభలో నాతోనే అన్నాడు. గుండె ఆపరేషన్ చేసే డాక్టరు గురించి ఎవరూ ఈ మాట అనరు. యూనివర్సిటీలో నాకు వచ్చే జీతం గురించి కూడా ఎవరూ అనలేదు. చిన్నపిల్లల దగ్గరికి వచ్చేసరికే స్త్రీ చేసే పని ఆమె స్వభావం అయిపోతుంది. స్వభావానికి జీతమేమిటి?

దీనికి జవాబు పిన్ని మాటల్లోనే దొరికింది నాకు. ఒకసారి అడిగాను, "పిన్నీ, నీకు పిల్లలంటే అంత ప్రేమ ఎక్కణ్నించి వచ్చింది?" అని. ఆమె నావంక వింతగా చూసింది. "అందరంటే ప్రేమేమిటే? ఆ వెంకాయమ్మ మనవడంటే నాకు ఒళ్లు మంట. కొరుకుతాడు, ఉమ్ముతాడు. అయినా వాడితోనే ఎక్కువ మాట్లాడతా. వాళ్లింట్లో వాడితో మాట్లాడేవాళ్లెవరున్నారు?" అంది. ఇది మాతృప్రేమ కాదు. ఇది వృత్తి. ఇష్టంలేని పిల్లాడిలో ఏం తక్కువైందో కనిపెట్టి, ఒళ్లు మంటని పక్కనపెట్టి, అది అందించడం. దీన్ని మనం ఎన్నాళ్లుగానో ప్రేమ అని పిలుస్తూ ఆమెకి ఇవ్వాల్సింది ఎగ్గొడుతున్నాం.

మనం అంటే ప్రభుత్వమే కాదు. నా థీసిస్ వ్యవసాయ కూలి స్త్రీల వేతన శ్రమ గురించి. ఇంటి చాకిరీకి విలువ కట్టకపోవడం గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. కృతజ్ఞతల పేజీలో చివరి నుంచి రెండో లైను: నా కూతుర్ని చూసుకున్న పిన్నికి. ఆ ఏడాదిన్నరకీ నేను పిన్నికి ఇచ్చింది సంక్రాంతికి ఒక చీర.

చిన్నపిల్లల బడి చరిత్రలోకి వెళ్తే, దాన్ని కట్టినవాళ్లు కుటుంబం అంచుకి నెట్టిన స్త్రీలే అనిపిస్తుంది. మరియా మాంటిస్సోరీ పెళ్లికాని తల్లి. 1898లో పుట్టిన కొడుకుని పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంచడానికి వదిలి, 1907లో రోములోని పేదపేటలో వేరేవాళ్ల పిల్లలకి బడి తెరిచింది. కొడుకు ఆమె దగ్గరికి వచ్చేసరికి పదిహేనేళ్లవాడు. 1939లో ఆమె అడయారుకి వచ్చినప్పుడు అతను వెంటే ఉన్నాడు. మహారాష్ట్ర తీరంలో బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్‌లో తారాబాయి మోడక్‌తో కలిసి పనిచేసిన అనూతాయి వాఘ్ బాల వితంతువు. వార్లీ ఆదివాసీ పిల్లలు బాల్వాడీకి రాకపోతే, వాళ్ల వాకిళ్లలోకే బడిని పట్టుకెళ్లారు ఈ ఇద్దరూ. అంగన్ అంటే వాకిలి. మనం రోజూ పలికే అంగన్‌వాడీ అన్న మాట ఆ వాకిళ్లలోంచి వచ్చింది. చిన్ననాడు చేసిన పెళ్లిని కాదని బయటికి నడిచిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలై, పల్లెల్లో బాల్వాడీలు పెట్టించింది. మా పిన్ని ఈ పేర్లు వినలేదు. వినుంటే "వాళ్లకీ మొగుళ్లు లేరా?" అని ఉండేది.

ఇక్కడ నా స్నేహితురాలు ఒకామెతో పేచీ ఉంది. తను కూడా స్త్రీవాదే, నాకంటే పదునైన మనిషి. నాణ్యత అనే మాటే తల్లుల్ని కొట్టడానికి కొత్త కర్ర అంటుంది. ఇంట్లో తల్లి ఎన్ని కథలు చెప్పింది, ఎన్ని మాటలు మాట్లాడింది అని లెక్కపెట్టడం మొదలుపెడితే, గ్రేడింగ్ నుంచి చీకటిపడ్డాక వచ్చిన తల్లి ఇంకో పరీక్షలో ఫెయిలవుతుంది అంటుంది. నిజమే. ఇల్లే మొదటి బడి, తల్లే మొదటి గురువు అన్న పోస్టర్ చూసినప్పుడల్లా తండ్రి ఏ పదవిలో ఉన్నాడా అని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ భయంతో నాణ్యత ఊసే ఎత్తకపోతే నష్టపోయేది ఎవరు? మన పిల్లలు కాదు. మనం ఇంట్లో పుస్తకాలతో, మాటలతో పూడ్చుకుంటాం. ఆ ఊళ్లో మధ్యాహ్నానికి అంగన్‌వాడీ మూసేస్తే, తల్లి వచ్చేదాకా చంటిపిల్లని చంకనేసుకుని తిరిగేది ఏడేళ్ల అక్క. ఆ అక్క బడి మానేసిందని ఒకటో తరగతి టీచరు రిజిస్టర్లో రాస్తాడు. శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లాలో, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నప్పుడు ఇలాంటి అక్కలు లెక్కలోకి వచ్చారు. సాయంత్రం దాకా తెరిచి ఉండే మంచి అంగన్‌వాడీ ఒకే తలుపుతో ముగ్గురిని బడికి, పనికి సిద్ధం చేస్తుంది. చిన్నదాన్ని, అక్కని, తల్లిని. పిల్ల సిద్ధంగా ఉందా అని అడిగేవాళ్లు ఈ ముగ్గురిలో ఒక్కదాన్నే చూస్తారు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీ కార్యకర్తల కేసులో, వాళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాలని, గౌరవ వేతనం అన్నా అది వేతనమేనని చెప్పింది. 2006లో ఇదే కోర్టు వాళ్లవి ప్రభుత్వ పోస్టులు కావంది. పదహారేళ్లకి సగం దూరం వచ్చాం అనుకోవాలి. పిన్ని 2018లో దిగిపోయింది. పింఛను లేదు.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ సమ్మెకి దిగినప్పుడు పిన్ని, అరవై అయిదేళ్ల మనిషి, శిబిరంలో కూర్చోడానికి రోజూ వెళ్లింది. నలభై రెండు రోజులు సాగింది ఆ సమ్మె. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఆ రోజు రాత్రి పిన్ని ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. "ఏమే అమ్మాయ్, ముప్పై రెండేళ్లు స్వచ్ఛంద సేవ చేయించుకుని, పని ఆపేసరికి అత్యవసరం అయిపోయామంట!" అంది. స్వచ్ఛందమైన పనిని ఆపితే నేరం ఎలా అవుతుందో ఏ నీతిశాస్త్రమైనా చెప్పగలదేమో నాకు తెలియదు. తత్వశాస్త్రం చెప్పే మా సహోద్యోగిని అడిగితే, "మీ పిన్నిని క్లాసుకి తీసుకురండి" అన్నారు.

ఇప్పుడు మా అమ్మాయికి మూడేళ్ల కూతురుంది. మొన్న జూన్‌కి ముందు ప్లే స్కూళ్లు చూడ్డానికి తిరిగింది. ఫోన్లో నాకూ పిన్నికీ కలిపి వివరాలు చెప్పింది. ఫీజు నా మొదటి ఏడాది జీతమంత ఉంది. ఏసీ గదులు, రంగు బంతుల తొట్టి, తల్లిదండ్రులు ఆఫీసులో కూర్చుని చూసుకోడానికి కెమెరాలు. ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలని అడిగితే చెప్పారట. ఆ టీచరుకి ఎంతిస్తారని అడిగితే, "అది మా పాలసీ కాదు మేడమ్" అన్నారట.

పిన్ని అంతా విని, "అవన్నీ ఎందుకే, టీచరు కింద కూర్చుంటుందా, కుర్చీలో కూర్చుంటుందా, అది చూసిరా" అంది.

మర్నాడు మా అమ్మాయి మళ్లీ వెళ్లింది. గంటసేపు అద్దం బయట నిలబడి చూసిందట. కింద కూర్చోలేదమ్మమ్మా, కుర్చీ కూడా లేదు, అంది. కెమెరాలో కూర్చున్నట్టు కనిపిస్తే ఒప్పుకోరట. ఆ అమ్మాయి పొద్దున్నించీ నిలబడే ఉంది.